ఒక్క పేజీ చెప్పించండి, చాలు

ప్రశ్న: గాజువాక దగ్గర ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. క్లాసులో 45 మంది. వారానికో పీరియడ్ చదివిన పుస్తకం గురించి ఒక్కొక్కరి చేత ముందుకు పిలిచి మాట్లాడిస్తున్నాను. అందరూ వెనక అట్ట మీదున్నది బట్టీపట్టి అప్పజెప్పేస్తున్నారు. ఒక మాట మర్చిపోతే అక్కడే ఆగిపోయి ఏడుపు మొహం పెడుతున్నారు. మిగతావాళ్లు అసలు వినరు. ఏం చేయమంటారు?
– ఒక టీచర్, విశాఖపట్నం

జవాబు: టీచర్ గారూ, సిలబస్ అవ్వలేదనగానే ముందు ఎగిరిపోయేది ఇలాంటి పీరియడే, మీరు దాన్ని నిలబెట్టినందుకు చాలా సంతోషం.

పుస్తకం కథంతా నాలుగు నిమిషాల్లో చెప్పమంటే పిల్లలకి బట్టీ తప్ప వేరే దారి లేదండీ, మనకైనా అంతే. అందుకే కథ అడగడం మానేసి తనకి బాగా పట్టిన ఒక్క పేజీ అడగండి. పుస్తకం పేరు, రచయిత పేరు ముందే బోర్డు మీద రాయించేయండి, "నేను చదివిన పుస్తకం పేరు..." అనే అప్పగింత మొదలవ్వదు, సగం టెన్షన్ అక్కడే పోతుంది. పుస్తకం చేతిలో ఉండాలి. ఉదాహరణకి 'రైలుబడి' ఉంది కదా, టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసింది, అందులో కొత్త బడికొచ్చిన మొదటిరోజే ఆ చిన్నపిల్ల చెప్పే కబుర్లన్నీ హెడ్మాస్టరు నాలుగు గంటలసేపు కూర్చుని వింటారు. మీ క్లాసులో ఒకమ్మాయి ఆ నాలుగు లైన్ల మీద వేలుపెట్టి చదివి, "మా ఇంట్లో నా మాట ఇంతసేపు ఎవరూ వినరు టీచర్" అని కూర్చుంటే చాలు, నా లెక్కలో ఆ పిల్లకి ఫుల్ మార్కులు!

ఇంకో మాట, దయచేసి యాస దిద్దకండి. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పనివ్వండి. విశాఖలో లాయరుగా పనిచేసిన రావిశాస్త్రి గారు ఇక్కడి మామూలు జనం మాటతోనే అంత గొప్ప కథలు రాశారు, ఆ మాట మన క్లాసురూములో తప్పెలా అవుతుంది? మధ్యలో ఆపి దిద్దితే ఆ పిల్లాడు మళ్లీ నోరు విప్పడు.

పీరియడ్‌కి ఐదుగురు చాలు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు వినేవాళ్ల ప్రశ్నలకి, అంటే అరగంట. తొమ్మిది వారాల్లో క్లాసంతా అయిపోతుంది, తొందరేం లేదు. "ఈ కథలో నీతి ఏమిటి" అన్న ప్రశ్న మాత్రం వద్దు, "ఆ అబ్బాయి అబద్ధం ఎందుకు చెప్పాడు?", "నువ్వయితే ఏం చేసేవాడివి?" లాంటివి అడగమనండి. ప్రశ్న వేసినవాళ్లకీ మార్కులివ్వండి, వినడం దానంతటదే వస్తుంది. మాట తడబడితే మార్కులు తీసేయొద్దు.

స్కూల్లో పుస్తకాలు తక్కువుంటే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి ఒకసారి మీరే వెళ్లి చూడండి. పిల్లలకి లావు పుస్తకమే ఇవ్వాలనేం లేదు, పది పేజీల కథైనా పర్లేదు.

ఇక ఏడుపు మొహం పెట్టే పిల్లలున్నారే, వాళ్లని ఇప్పుడే ముందుకి పిలవకండి. మధ్యాహ్న భోజనం అయ్యాక మీ టేబుల్ దగ్గర మీ ఒక్కరికే చెప్పమనండి. తర్వాతి వారం పక్క బెంచీ స్నేహితురాలికి, ఆపై తన చోట కూర్చునే క్లాసుకి. అప్పటికీ నిలబడి చెప్పనంటే కూర్చునే చెప్పనివ్వండి.