దూలం అడుగున గుంటలు చూశావా?

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయ్, ఇంగ్లండ్‌లోని సఫోక్ కౌంటీలో ఉన్న పాత ఊరు లావెన్‌హామ్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. ఇప్స్‌విచ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే సఫోక్ ఊళ్లు తిరిగి, ఆ పాత ఇళ్ల గురించి తెలుగులో రాయాలనుకోవడం నాకు ఎంతో నచ్చింది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మూడో పేరాలో "ఈ దూలాలు పాత ఓడలు విప్పి తెచ్చినవి" అని రాశావు. ఎవరు చెప్పారమ్మా? ఇంగ్లండ్‌లో పాత కలప ఇళ్లున్న చోటల్లా ఈ మాట వినిపిస్తుంది. నేనూ విన్నాను, నమ్మాను, రాశాను, అచ్చయింది కూడా. ఆ తర్వాత ఒకసారి, పాత ఇళ్లు బాగుచేసే వడ్రంగి ఒకాయన నన్ను ఒక ఇంటి వంటగదిలోకి తీసుకెళ్లి, దూలం అడుగున టార్చ్ వేసి చూపించాడు. వరసగా గుంటలు. ఒక్కొక్కటి డైమండ్ ఆకారంలో ఉంది. ఒకదానికొకటి జానెడు దూరం కూడా లేదు. వాటి పక్కనే పొడవునా సన్నని గాడి. "ఇది ఓడ కాదు, కిటికీ" అన్నాడు.

ఆ ఇల్లు కట్టిన రోజుల్లో గాజు డబ్బున్నవాళ్ల వస్తువు. మామూలు ఇంటి కిటికీకి నిలువు కర్ర ఊచలే ఉండేవి. ఆ గుంటలు ఊచల తలలు దిగినవి. గాడిలో చెక్క తలుపు అటూ ఇటూ జరిగేది. తర్వాత ఎవరో ఇల్లు పెంచుకున్నారు, బయటి గోడ కాస్తా లోపలి గోడ అయింది, ఊచలు పీకేశారు. గుంటలు మిగిలాయి. నేను ఒక గుంటలో వేలు పెట్టి చూశాను. ఉలి తొలిచిన గరుకు ఇంకా తగులుతోంది. ఐదు వందల ఏళ్ల కిందటి చలికాలం రాత్రి, గాలి ఆ ఊచల సందుల్లోంచి లోపలికి కొడుతుంటే ఎవరో లేచి చెక్క తలుపు జరిపి ఉంటారు. ఓడ కథలో ఈ మనిషి లేడు. ఖాళీ రంధ్రం కనబడితే, అది తీసేసిన గోడ గుర్తో, ఇంకో ఇంట్లో పనిచేసి వచ్చిన దూలమో అయి ఉంటుంది. ముందు అది తేల్చుకుని అప్పుడు రాయి.

"వయసు భారంతో ఒరిగిన ఇళ్లు" అన్నావు. వాక్యం బాగుంది, కారణం సరిగ్గా లేదు. ఎండిన ఓక్ ఉలికి లొంగదు కాబట్టి పచ్చి కలపతోనే పని చేసేవాళ్లు. చట్రం మొత్తం నేల మీద పరిచి, అమర్చి చూసుకుని, ప్రతి అతుకు దగ్గరా రోమన్ అంకెల్లాంటి గీతలు గీసుకుని, విప్పి, ఇంటి స్థలానికి తెచ్చి నిలబెట్టి, కొయ్య చీలలు దిగ్గొట్టేవాళ్లు. ఆ పచ్చి కలప నిలబడ్డాక ఎండుతూ మెలితిరిగింది. ఆ వంకరల్లో చాలా భాగం ఇల్లు కొత్తగా ఉన్నప్పుడే వచ్చింది. "నలుపు తెలుపు ఇళ్లు" అనే మాట కూడా కొట్టెయ్యి. లావెన్‌హామ్ ఇళ్ల ఓక్ కలప చాలా చోట్ల నలుపు కాదు, వెండి బూడిద రంగులో ఉంటుంది. నువ్వు చూసే వచ్చావు కదా, మరి కళ్లను కాదని ఫోటో పుస్తకాన్ని ఎందుకు నమ్మావు?

గోడల దగ్గర "వాటిల్ అండ్ డాబ్" అని రాసి ముందుకెళ్లిపోయావు. మనకు తడిక అనే చక్కటి మాట ఉంది. కర్రలతో అల్లిన తడిక, దాని మీద మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తడం, పైన సున్నం. అలా రాస్తే ఊళ్లో మీ అమ్మమ్మకు కూడా ఆ గోడ కళ్లకు కడుతుంది.

అసలు విషయం నీ వ్యాసంలో లేనే లేదు. ఆ ఊరు అలా ఎందుకు మిగిలింది? 1520ల నాటికి లావెన్‌హామ్ ఇంగ్లండ్‌లోని సంపన్న పట్టణాల్లో ఒకటి. నీలం రంగు ఉన్ని బట్టకు పేరు. 1523లో చనిపోయిన బట్టల వ్యాపారి థామస్ స్ప్రింగ్ డబ్బు ఆ 141 అడుగుల చర్చి గోపురంలో ఉంది. రెండేళ్లకే, 1525లో, ఫ్రాన్స్‌తో యుద్ధానికని ఎనిమిదో హెన్రీ కొత్త పన్ను అడిగితే, పని పోయిన నేతగాళ్లు ఇదే ఊళ్లో వేలల్లో గుమిగూడారు. రాజు ఆ పన్ను మానుకోవాల్సి వచ్చింది. నువ్వు ఫోటో దిగిన గిల్డ్‌హాల్, అంటే ఊరి సంఘంవాళ్ల సభాభవనం, 1530 ప్రాంతంలో కట్టినది. తర్వాత కోల్చెస్టర్‌కు వలస వచ్చిన డచ్ నేతగాళ్లు తేలికపాటి, చవక బట్ట నేశారు. లావెన్‌హామ్ బరువు బట్ట అడిగేవాళ్లు తగ్గిపోయారు. చేతిలో డబ్బాడిన ఊళ్లలో పాత ఇళ్లు పడగొట్టి ఇటుకతో కొత్తవి కట్టుకున్నారు. ఇక్కడివాళ్లకు ఆ స్తోమత లేదు. గిల్డ్‌హాల్ జైలైంది, ఆ తర్వాత దిక్కులేనివాళ్లను ఉంచే వర్క్‌హౌస్ అయింది. ఇవాళ 300కు పైగా రక్షిత కట్టడాలున్న ఆ ఊరి అందం వెనక తరాల లేమి ఉంది. అది రాయకుండా "కాలం ఆగిపోయిన ఊరు" అంటే అక్కడ ఆకలితో బతికినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

తర్వాత ఎల్వెడెన్ గురించి రాస్తానన్నావు. రాయి. పంజాబ్ చివరి సిక్కు మహారాజు దులీప్ సింగ్ 1863లో కొన్న ఎస్టేట్ కదా, మనవాళ్లు ఇష్టంగా చదువుతారు. కానీ తొందరేం లేదు, ముందు ఇది పూర్తి చెయ్యి.

ఈసారి లావెన్‌హామ్ వెళ్లినప్పుడు మంచి టార్చ్ పట్టుకెళ్లు. ఇంటివాళ్లను అడిగి లోపలికి వెళ్లు, గీతలు కనబడితే నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకో. వాటర్ స్ట్రీట్ కింద ఇటుకతో కట్టిన పాత కాలువ ఒకటి ఉంది. రంగులద్దేవాళ్లకు నీళ్లెంత అవసరమో ఆలోచించుకుంటూ ఆ వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.