టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ సభ్యులను ఎవరు నియమిస్తారు?

ప్రశ్న: టెక్సాస్‌లో ఏజెంట్ లైసెన్స్ ఇచ్చే కమిషన్ సభ్యులను బ్రోకర్లే ఓటేసి ఎన్నుకుంటారా?

ఎన్నిక లేదండీ. ఆ కమిషన్‌లో మొత్తం 9 మంది ఉంటారు. అందరినీ గవర్నరే నియమిస్తారు, రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి. ఓటింగుకు హాజరైన సెనేటర్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అభ్యర్థి సొంత ప్రాంతపు సెనేటర్ వద్దంటే మిగతావాళ్లు కూడా మామూలుగా ఒప్పుకోరు. ఇది చట్టంలో రాసింది కాదు, అక్కడి ఆనవాయితీ.

6 సీట్లు బ్రోకర్లవి. చేతిలో లైసెన్స్ ఉంటే చాలదు, నియామకానికి ముందు కనీసం 5 ఏళ్లు అదే ప్రధాన వృత్తిగా చేసి ఉండాలి. మిగతా 3 సీట్లు ప్రజల తరఫువి. నా దృష్టిలో అసలు ముఖ్యమైనవి ఇవే. ఇందులో కూర్చునే మనిషికి రియల్ ఎస్టేట్ లైసెన్స్ ఉండకూడదు. భార్యకో భర్తకో ఉన్నా కుదరదు. మీ ఆవిడ ఇర్వింగ్‌లో ఇళ్లమ్మే ఏజెంట్ అనుకోండి, మీరెంత నిజాయితీపరులైనా ఆ సీటు మీకు రాదు. ఏజెంట్ల మీద జనం ఇచ్చే ఫిర్యాదులు వచ్చేది ఈ కమిషన్‌కే, కాబట్టి ఆ మాత్రం పట్టింపు ఉండాల్సిందే. రియల్టర్ల సంఘాల్లో పదవి ఉన్నవాళ్లు, జీతానికి పనిచేసేవాళ్లు అసలు ఏ సీటుకూ పనికిరారు.

పదవీకాలం 6 ఏళ్లు. బేసి సంవత్సరాల్లో జనవరి 31న ముగ్గురి గడువు ముగుస్తుంది, అందుకే ఒకేసారి అందరూ మారిపోరు. అధ్యక్షుడిని కూడా గవర్నరే బ్రోకర్ సభ్యుల్లోంచి ఎంపిక చేస్తారు. కొత్త సభ్యులు శిక్షణ పూర్తిచేసేదాకా ఓటు వేయడానికి వీల్లేదు.