చిన్నపిల్లలకు కన్ను తీసేశాక లోపల బంతి పెట్టించాలా?

చెల్లీ, రెటినోబ్లాస్టోమా (పిల్లల కంటిలో వచ్చే క్యాన్సర్) వల్ల మీ 16 నెలల బాబుకి ఎడమ కన్ను తీసేయాలన్నారనీ, లోపల బంతి పెట్టించడానికి మీ అత్తగారు ఒప్పుకోవడం లేదనీ రాశారు. పెట్టించండి. మా పాపకి రెండేళ్లప్పుడు ఇదే జబ్బుతో కుడి కన్ను తీశారు. ఇప్పుడు మూడో తరగతి.

మా ఇంట్లోనూ ఇదే గొడవ. పాప కన్ను పక్కకి పోతుంటే ముందు మెల్ల అదృష్టమన్నారు, ఆపరేషన్ అనేసరికి పసిదాని తలలో ప్లాస్టిక్ ఏంటన్నారు. అసలు మాకు అర్థం కానిది, లోపలి బంతి వేరు, బయటికి కనిపించే కృత్రిమ కన్ను వేరు అని. బంతిని కనుగుడ్డు తీసిన చోటే, అదే ఆపరేషన్‌లో పెట్టి పైన కుట్టేస్తారు. అది మనకు కనిపించదు, మనం తీసేదీ కాదు. సమస్య ఏదైనా వస్తే తప్ప మార్చరు. పిల్లలు పెరిగేకొద్దీ మార్చాల్సింది పైన పెట్టే కన్నునే. మాకు ఇప్పటికి మూడుసార్లు మార్చారు.

కంటిగుంట ఎముక బాగా పెరిగేది మొదటి ఐదారేళ్లలోనే. ఆ వయసులో లోపల నిండుగా ఉండాలి. ఖాళీగా వదిలేస్తే ఆ వైపు ఎదుగుదల తగ్గి, ముఖం రెండు వైపులా ఒకేలా ఉండదు. పిల్లలకి సాధారణంగా 18 నుంచి 20 మిల్లీమీటర్ల బంతి పెడతారు. ఎక్రిలిక్, సిలికాన్ రకాలున్నాయి. సన్న రంధ్రాలున్న ఖరీదైన రకాల్లోకి రక్తనాళాలు అల్లుకుంటాయి. మా పాపకి ఎక్రిలిక్‌దే పెట్టారు, ఏ ఇబ్బందీ రాలేదు. డబ్బు లేదని బాధపడకండి. ఏ సైజు, కంటి కండరాలు ఎలా కుడతారు అని డాక్టరుని అడగండి, కన్ను కదలడానికి అది ముఖ్యం. గడ్డ కంటి బయటికి పాకిందని అనుమానం ఉంటే మాత్రం డాక్టర్లు బంతి ఇప్పుడే వద్దనొచ్చు. అప్పుడు వాళ్ల మాటే వినండి.

ఆపరేషన్ అయ్యాక రెప్పల కింద గాజులా కనిపించే చిన్న ప్లాస్టిక్ తొడుగు ఉంచుతారు. ఐదో రోజు పొద్దున అది దిండు మీద పడి ఉంది. నాకు చేతులు వణికాయి. రెప్పలు కొంచెం తెరిచి చూస్తే లోపల గులాబీ రంగు చర్మం, నోట్లో బుగ్గ లోపలి భాగంలా, అంతే. భయపడేంత ఏమీ లేదు. ఆ రోజే తీసుకెళ్లి పెట్టించాం. అది లేకుండా రోజుల తరబడి ఉంటే రెప్పల వెనక చోటు ముడుచుకుపోతుంది, తర్వాత కన్ను నిలవదు.

ఆరు నుంచి ఎనిమిది వారాలకి కొలత తీసుకుని, రెండో కంటి రంగు చూస్తూ కన్ను తయారుచేస్తారు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికోసమే విభాగం ఉంది. రోజూ తీసి కడగకండి, ఊరికే తీస్తుంటే పుసి ఎక్కువవుతుంది. ఏడాదికోసారి పాలిష్ చేయించండి. ఉన్న ఒక్క కంటికి దెబ్బ తగలకుండా పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టండి, పవర్ లేకపోయినా సరే.

తీసిన కన్ను బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి, కీమో అవసరమా లేదా అన్నది దాన్ని చూసే తేలుస్తారు. మీకు పెద్దబ్బాయి ఉన్నాడన్నారు కదా, వాడి కళ్లు కూడా ఈ వారంలోనే చుక్కలు వేయించి చూపించండి.