పుల్లింగ్ తగ్గిన పికప్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

లోడు మీద పికప్‌కి పుల్లింగ్, అంటే లాగే బలం, తగ్గితే డీజిల్ పంపు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ రెండూ మార్చాలని మెకానిక్ అన్నాడని, డబ్బుల కోసం అప్పు చూస్తున్నానని నిన్న ఫోన్‌లో చెప్పావు. తొందరపడి అప్పు చేయకు అల్లుడూ. ఇందులో రాసినవన్నీ ఒక్కొక్కటిగా చూసేదాకా బండిని ఎవరి చేతికీ విప్పడానికి ఇవ్వకు. డీజిల్ ఫిల్టర్ అయితే వందల్లో పోతుంది. నాజిల్స్, పంపు అంటే వేలకు వేలు. అవి మార్చాక కూడా మొగిలి ఘాటులో బండి మళ్లీ అలాగే చతికిలబడితే ఎవరిని అడుగుతావు?

'పుల్లింగ్ లేదు' అని ఒక్క మాట చెబితే ఎంత మంచి మెకానిక్ అయినా ఊహించి పనిచేయాల్సిందే. ఖాళీ బండికి లేదా, లోడుకి లేదా? ఏ గేరులో, ఎంత వేగంలో తగ్గుతోంది? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? పొగ వస్తోందా, ఏ రంగు? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని షెడ్డుకు పోయిన వాడికి, ఉత్త చేతులతో పోయిన వాడికి బిల్లులో చాలా తేడా వస్తుంది.

ముందు తప్పు ఇంజన్‌లోనే ఉందా అన్నది తేల్చుకో. చాలామంది ఇది వదిలేస్తారు. చదును రోడ్డు మీద, వెనక ఏ బండీ లేనప్పుడు, 40 వేగంలో న్యూట్రల్ చేసి చూడు. ఇంజన్ మాత్రం ఆపకు, ఆపితే బ్రేకు బూస్టర్ పనిచేయదు. బండి హాయిగా దొర్లాలి. ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఆగిపోతే బ్రేకు పట్టేస్తోందని అర్థం. దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడు. డ్రమ్ముని తాకకు, కాలుతుంది. దగ్గర పెడితే చాలు, సెగ తెలుస్తుంది. మూడు చక్రాలు మామూలుగా ఉండి ఒక్కటే మండిపోతుంటే దోషం అక్కడే. టైర్లలో గాలి కూడా అప్పుడే చూసెయ్.

తర్వాత క్లచ్. చదునుగా ఉన్న చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ లాగి, కాలి బ్రేకు కూడా తొక్కి, నాలుగో గేరు వేసి క్లచ్ మెల్లగా వదులు. ఇంజన్ టక్కున ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. ఒక్కసారి చూస్తే చాలు, పదే పదే చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలిపోతుంది. ఎక్కుడులో ఇంజన్ అరుపు పెరిగి వేగం మాత్రం పెరగకపోతే కూడా క్లచ్‌నే అనుమానించాలి.

ఈ రెండూ బాగుంటే ఇక ఇంజన్ సంగతి. డీజిల్ ఇంజన్‌కి గాలి కావాలి, డీజిల్ కావాలి, గట్టి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి, కావాలి. ఏది తక్కువైందో చాలావరకు పొగే చెబుతుంది. నల్ల పొగ చిమ్ముతుంటే డీజిల్ అందుతోంది, గాలే చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు. మదనపల్లె మార్కెట్ యార్డు దుమ్ములో తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టర్ ఆగదు, ముందే పూడుకుపోతుంది. తర్వాత ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో నుంచి ఇంజన్‌కు పోయే హోస్ పైపులు. ఇంజన్ ఆపి, చల్లారాక, వేళ్లతో చుట్టూ తడుము, కింది వైపు కూడా. ఊరికే నిలబడినప్పుడు బాగానే కనిపించే చీలిక, లోడు మీద గాలి ఒత్తిడికి తెరుచుకుంటుంది. ఆ చోట ఆయిల్ తడి, దానికి అంటిన దుమ్ము కనిపిస్తాయి. తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం వస్తే అది వదులు క్లిప్పు అయినా కావచ్చు. పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరుచుకుని ఉండిపోయినా ఇంతే, నల్ల పొగ, నీరసం. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తే రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయేమో చూడు. వేడి మీద మూత మాత్రం తీయకు.

కానీ నువ్వు చెప్పింది వేరు. ఖాళీగా బాగానే పోతోంది. చెన్నై కోయంబేడు నుంచి తిరుగు లోడుతో వస్తూ చిత్తూరు దాటి ఘాటు ఎక్కేటప్పుడు దమ్ము పోతోంది. పొగ లేదు. పక్కన అరగంట ఆపితే మళ్లీ లాగుతోంది. ఆ చివరి మాటే నన్ను పట్టుకుంది. పొగ లేకుండా బలం తగ్గితే నేను ముందు చూసేది డీజిల్ అందడం గురించే. ఖాళీ బండి తాగే కొంచెం డీజిల్‌ని సగం మూసుకుపోయిన డీజిల్ ఫిల్టర్ కూడా ఇస్తుంది. ఎక్కుడులో లోడుతో ఇంజన్ గట్టిగా అడిగినప్పుడు ఇవ్వలేదు. ట్యాంకులో చెత్త ఉంటే అది లాగే పైపు మూతికి వచ్చి అంటుకుంటుంది, బండి ఆపితే మెల్లగా కిందికి దిగుతుంది. అందుకే ఆగాక బాగుంటుంది. ట్యాంకు మూతకు గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే తంతు. ఈసారి దమ్ము పోగానే బండి పక్కకు తీసి మూత తిప్పి చూడు. సుయ్‌మని గాలి లోపలికి పోయి, తర్వాత బండి మామూలుగా లాగితే మూత మారిస్తే సరిపోతుంది.

డీజిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు దగ్గరుండు. కొత్తదాంట్లో డబ్బాలోంచి డీజిల్ పోసి బిగించనివ్వకు, అందులోని నలుసు నేరుగా పంపులోకి పోతుంది. చేతి పంపు కొట్టి డీజిల్ ఎక్కించి గాలి తీయాలి.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నా. నీ బొలేరో 2017 చివర్లో వచ్చిన బీఎస్ 4 (పొగ కాలుష్య ప్రమాణం) బండి, కామన్ రైల్, అంటే అన్ని నాజిల్స్‌కీ ఒకే పైపు నుంచి పెద్ద ఒత్తిడితో డీజిల్ అందే రకం. పాత ఇంజన్లకు చేసినట్టు నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు వదులు చేసి చూడటం దీనికి పనికిరాదు. లోపల ఒత్తిడి వెయ్యి బార్ దాటి కూడా పోతుంది. ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, చెయ్యి తీసేయాల్సి వచ్చిన వాళ్లున్నారు. ఎవరైనా స్పానర్ పట్టుకుని ఆ పని మొదలుపెడితే అక్కడే ఆపు.

ఇంజన్ లైటు వెలిగి, ఎంత తొక్కినా ఒక హద్దు దాటి లేవకపోతే, కీ ఆపి మళ్లీ వేస్తే కాసేపు బాగుంటే, బండిలోని కంప్యూటర్ కావాలనే బలం తగ్గించిందన్నమాట. అప్పుడు స్కానింగ్ పెట్టించు. అందులో చూపే తప్పు కోడ్ తుడిచేసే ముందు ఫోటో తీసుకో. సెన్సర్ పేరు వచ్చిందని సెన్సర్ కొనేయకు, ముందు దాని వైరు, సాకెట్టు చూడమను.

ఇవన్నీ అయ్యాకే నాజిల్స్. మార్చే ముందు రిటర్న్ టెస్ట్ చేయమని అడుగు. నాలుగింటిలో ఏది ఎక్కువ డీజిల్ వెనక్కి వదులుతోందో అందులో తెలుస్తుంది. నాలుగూ పోయాయని పరీక్ష లేకుండా చెప్పేవాడి మాట నమ్మకు. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున కొడుతుంటే బ్యాక్ కంప్రెషన్ ఎక్కువని, అంటే సిలిండర్ ఒత్తిడి కిందికి కారుతోందని, అప్పుడు కంప్రెషన్ కొలిపించాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చు, మార్చాక లోడుతో అదే ఎక్కుడు ఎక్కి చూడు.

తేలేదాకా ఆ ఘాటులో నిండు లోడు వద్దు. వెనక లారీలు వస్తుండగా ఎక్కుడులో బండి ఆగిపోతే ప్రమాదం, కిరాయి పోతే పోనీ. రేపు పొద్దున బండి కదిలించక ముందే డీజిల్ ఫిల్టర్ అడుగు స్క్రూ వదిలి, వచ్చిన డీజిల్‌ని గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచు. అడుగున నీళ్లు, నలుసు ఏమైనా దిగాయేమో ఫోటో పంపు, చూసి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
నీ మామ