సమాధానం: యువజన సంఘానికి కుర్రాళ్లు రావడం మానేస్తే

అన్నా, ప్రతి ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి క్రమశిక్షణ గురించి చెబుతున్నా, మూడో వారానికే సగం మంది ఎగ్గొట్టారని రాశారు. అందులో వింతేం లేదు. బడిలో విన్నదే మళ్లీ వినడానికి ఎవరొస్తారు? మాటలు తగ్గించి బాధ్యత అప్పజెప్పండి.

వినాయక చవితి చందాల లెక్క ఇంటర్ చదివే ఇద్దరికి ఇవ్వండి, వేర్వేరు వాడల వాళ్లకి. ఎవరెంత ఇచ్చారు, మైక్ సెట్టుకెంత, పులిహోరకెంత, అన్నీ నోటుబుక్కులో రాసి నిమజ్జనం మర్నాడు రచ్చబండ దగ్గర పైకి చదవాలి. ఇరవై రూపాయలు తేడా వచ్చినా అందరి ముందూ జవాబు చెప్పాలి. నిజాయితీ మీద గంట ఉపన్యాసం కన్నా ఆ పది నిమిషాల టెన్షన్ ఎక్కువ నేర్పుతుంది. మధ్యలో మీరు కల్పించుకుని లెక్క సరిచేయొద్దు. అసలు కష్టం అదే.

ఆడపిల్లలు రావడం లేదన్నారు. మీటింగు రాత్రి ఎనిమిదింటికి పెడితే ఏ తల్లి పంపుతుంది? బడి ఆవరణలో సాయంత్రం ఐదింటికి పెట్టండి, ముందు డ్వాక్రా మీటింగులో వాళ్ల అమ్మలతో మాట్లాడండి.

ఫ్లెక్సీ వేయిస్తానని వచ్చే నాయకుణ్ణి మాత్రం మర్యాదగా తప్పించుకోండి. (కుర్చీలిస్తానంటే తీసుకోండి, పర్లేదు.)

దగ్గర్లో డిగ్రీ కాలేజీ ఉంటే ఎన్‌ఎస్‌ఎస్ (విద్యార్థులతో సేవ చేయించే జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్ని కలవండి. అందులో చేరిన వలంటీర్లు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, 7 రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. దాన్ని మీ ఊళ్లో పెట్టమని అడగండి. ఏ పని చేయించాలో మాత్రం మీ కుర్రాళ్లనే తేల్చుకోమనండి.