పాల్గొన్నారా, హాజరయ్యారా?

సందేహం: మాది నల్లగొండ జిల్లా, హైస్కూల్లో టీచర్‌ని. పంద్రాగస్టు జెండావందనానికి మా బడికి ఎమ్మెల్యే గారు వచ్చారు. రిపోర్టు రాసే పని నామీద పడింది. "గౌరవ శాసనసభ్యులు 79వ స్వాతంత్ర్య వార్షికోత్సవ వేడుకలకు పాల్గొని జెండా ఎగురవేయడం జరిగింది" అని రాశాను. తోటి సారు "పాల్గొని" కొట్టేసి "హాజరై" అని దిద్దారు, 79ని 78 చేశారు. ఎవరిది ఒప్పు?

సమాధానం: ఇద్దరిదీ సగపాలు ఒప్పు. సగపాలు అని ఊరికే అనలేదు, మీ మొదటి సందేహానికి జవాబు ఆ మాటలోనే ఉంది.

ఈ పాలు బర్రె ఇచ్చేవి కావు. పాలు అంటే వాటా. పాలు + కొను కలిసి, మధ్యలో ఉకారం పోయి, 'కొ' కాస్తా 'గొ' అయి, పాల్గొను అయింది. మన ఊళ్లల్లో ఎవరైనా పోతే మైల పట్టేవాళ్లను పాలోళ్లు అంటాం. ఒకప్పుడు ఆస్తిలో వాటా ఉన్న దాయాదులు వాళ్లే. పొలం పంచుకున్నవాళ్లు మైల కూడా పంచుకోవాలి కదా! అంచేత పాల్గొనడం అంటే పనిలో తన వాటా తను తీసుకోవడం. హాజరు అలా కాదు. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన ఆ మాట మనిషి అక్కడ ఉన్నాడని చెబుతుంది, అంతే. మీరు రోజూ హాజరు వేస్తారు. హాజరైన పిల్లలందరూ పాఠంలో పాల్గొన్నారని సంతకం పెట్టమంటే పెడతారా?

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి ఢిల్లీలో రాజ్యాంగ సభ సభ్యులు లేచి నిలబడి దేశసేవకు ప్రతిజ్ఞ చేశారు. వాళ్లు పాల్గొన్నారు. గ్యాలరీల్లో కూర్చుని చూసినవాళ్లు హాజరయ్యారు. జిల్లా కేంద్రంలో మంత్రి జెండా ఎగురవేస్తుంటే ముందు వరసలో కూర్చున్న ఎమ్మెల్యేకు 'హాజరయ్యారు' చాలు. మీ బడిలో తాడు లాగింది ఎమ్మెల్యే గారే కాబట్టి మీరు రాసిన క్రియే ఒప్పు.

విభక్తి మాత్రం తప్పు. వేడుకలకు హాజరవుతారు, వేడుకల్లో పాల్గొంటారు. పాల్గొనుకు దగ్గరి చుట్టం ఒకటుంది, పాల్పడు. దానికే 'కు' కావాలి: దొంగతనానికి పాల్పడ్డారు, మోసానికి పాల్పడ్డారు. "వేడుకలకు పాల్గొని" అంటే చెవికి ఇదే గుర్తొస్తుంది. ఎమ్మెల్యే గారు చదవకముందే దిద్దేయండి.

ఇక అంకె. దినోత్సవం లెక్క వేరు, వార్షికోత్సవం లెక్క వేరు. 1947 ఆగస్టు 15ను మొదటి స్వాతంత్ర్య దినోత్సవంగా లెక్కిస్తారు కాబట్టి 2025లో వచ్చింది 79వది. వార్షికోత్సవం కావాలంటే ఏడాది నిండాలి, కాబట్టి అదే రోజు 78వ వార్షికోత్సవం. మీరు ఒకదాని అంకె తెచ్చి ఇంకోదానికి తగిలించారు. పల్లెల్లో ఈ గందరగోళం ఉండదు. "పిల్లకు పదేండ్లు నిండినయి, పదకొండో ఏడు పడ్డది" అని నిండినదీ నడుస్తున్నదీ వేరుగా చెబుతారు. తెలంగాణ అవతరణకు 2023లో పదో ఏడు పడగానే ఒక ప్రభుత్వం దశాబ్ది ఉత్సవాలు చేసింది. 2024లో పదేళ్లు నిండాక ఇంకో ప్రభుత్వం మళ్లీ దశాబ్ది వేడుకలు చేసింది. రాజకీయం సంగతి నాకొద్దు గానీ, తెలుగు లెక్కలో రెంటికీ చోటుంది.

ఇంతకీ ఆ 79 దేశం లెక్క. నల్లగొండలో 1947, 1948 పంద్రాగస్టులు నిజాం పాలనలోనే గడిచాయి. 1948 సెప్టెంబర్ 17 తర్వాతే మనం ఈ లెక్కలోకి వచ్చాం. ఆ సెప్టెంబర్ 17ను విమోచన అనాలా, విలీనం అనాలా, సమైక్యత అనాలా అని మాత్రం నన్నడక్కండి. అది వ్యాకరణం తేల్చే తగాదా కాదు. అన్నట్టు, పంద్రాగస్టు చక్కటి మాట. రిపోర్టులో రాయకపోయినా నోట్లోంచి పోనివ్వకండి.

మీరిద్దరూ వదిలేసిన పెద్ద తప్పు చివర్న ఉంది. "ఎగురవేయడం జరిగింది" ఏమిటండీ? వాన పడడం జరిగింది, అన్నం తినడం జరిగింది అని ఇంట్లో అంటే నవ్వరూ? పైగా "శాసనసభ్యులు" అని మొదలుపెట్టి "జరిగింది" అని ముగిస్తే కర్తకు క్రియ లేకుండా పోయింది. జెండా ఎగిరింది సరే, ఎగరేసిన మనిషి వాక్యంలోంచి జారిపోయాడు.

ఇలా రాయండి: "మా బడిలో జరిగిన 79వ స్వాతంత్ర్య దినోత్సవ వేడుకల్లో ఎమ్మెల్యే పాల్గొని జెండా ఎగురవేశారు." శాసనసభ్యులు అంటే ఒక్కరా పదిమందా అన్న అనుమానం వస్తుంది, ఎమ్మెల్యే అంటే రాదు. హెడ్మాస్టరు గారు ముందు "గౌరవ" ఉండాల్సిందే అంటే పెట్టేయండి, వ్యాకరణానికి అభ్యంతరం లేదు.