ఫ్రీ బ్లాగు ఎక్కడ పెట్టుకోను అత్తా అని అడిగిన అమ్మలుకి

అమ్మలూ,

నీ మెసేజ్ నిన్న రాత్రే చూశాను, ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఇవాళ పొద్దున్నే కూర్చుని రాస్తున్నా. బ్లాగర్ మంచిదా వర్డ్‌ప్రెస్ మంచిదా, మీడియమ్ అంటున్నారు సబ్‌స్టాక్ అంటున్నారు, అన్నీ ఫ్రీయే కదా ఏదైతే ఏంటి అన్నావు చూడు, ఆ చివరి మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంది. 2007లో నేనూ అచ్చం అలాగే అనుకున్నాను.

అప్పట్లో ఒక ఫ్రీ సైట్‌లో బ్లాగు తెరిచా, పేరెందుకులే, ఇప్పుడు అది లేదు. రంగులూ డిజైనూ ముచ్చటగా ఉన్నాయని అక్కడ పెట్టుకున్నా, అంతకు మించి ఏమీ చూళ్ళేదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చేసిపెట్టే లేఖిని సైట్‌లో టైప్ చేసుకుని, కాపీ చేసి తెచ్చి అందులో అతికించేదాన్ని, విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్లలో ఆ సెట్టింగేదో టిక్ పెట్టుకోకపోతే ఒత్తులు ఒకపక్క అక్షరాలు ఒకపక్క పడేవి, చదివేవాళ్ళు డబ్బాలు కనిపిస్తున్నాయండీ అని రాసేవాళ్ళు. అయినా ఎంత సంబరమో. తెలుగు బ్లాగుల కొత్త రాతలన్నీ ఒకచోట చూపించే కూడలి సైట్‌లో మన టపా, అంటే పోస్టు, టైటిల్ కనపడగానే ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో వచ్చి కామెంటు పెట్టేవాళ్ళు. మా తాతగారింటి గిలక బావి గురించి రాసిన టపా కింద ఎవరో ఒకావిడ తమ ఊరి బావి గురించి నా టపా కంటే పెద్ద కామెంటు రాసింది, చేద తాడు తెగిపోతే పాతాళ గరిటె వేసి ఎలా తీసేవాళ్ళో అంతా వివరంగా. రెండేళ్ళలో నలభై పైన టపాలయ్యాయి. తర్వాత ఆ సైటు మూసేశారు. ఫలానా తేదీలోగా మీ రాతలు తీసుకోండి అని మెయిల్ పంపారు, అది నేను చూడటం మానేసిన పాత మెయిల్‌కి వచ్చింది, నేను చూసేసరికి తేదీ దాటిపోయింది. కథలు కొన్ని నోట్‌ప్యాడ్ ఫైళ్ళలో దొరికాయి. ఆవిడ కామెంటు మాత్రం పోయింది, ఆవిడ ఎవరో కూడా నాకు తెలీదు. ఇప్పటికీ బాధే.

అందుకే ఏ ప్లాట్‌ఫామ్ గురించైనా నేను ముందు అడిగేది ఒక్కటే, నేను వెళ్ళిపోతానంటే నా రాతలు నా చేతికి ఇస్తుందా లేదా. మిగతావన్నీ తర్వాత. ఇది నా ఒక్కదాని భయం కాదు. ఫ్రీగా వెబ్ పేజీలు పెట్టుకోనిచ్చిన యాహూ వాళ్ళ జియోసిటీస్ 2009లో మూతపడింది, పోస్టరస్ అనే బ్లాగుల సైటుని ట్విట్టర్ కొనుక్కుని 2013లో మూసేసింది, గూగుల్ ప్లస్ 2019లో పోయింది, దాన్ని కామెంట్ల కోసం కలుపుకున్న బ్లాగర్ బ్లాగుల్లో ఆ కామెంట్లన్నీ దాంతోపాటే పోయాయి. టైప్‌ప్యాడ్ అనే బ్లాగుల సైటయితే డబ్బులు తీసుకుని నడిపేదే, 2003 నుంచి ఉన్నది, అదీ 2025 సెప్టెంబరు ఆఖరుకి మూసేశారు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు రాసేది కథలు, మధ్యలో ఊరి ముచ్చట్లు, ఫోటోలు తక్కువ. నీకు నేను బ్లాగరే చెప్తాను. 1999లో మొదలైంది, 2003లో గూగుల్ కొనుక్కుంది, చూడ్డానికి ఇప్పటికీ కాస్త పాతకాలంగానే ఉంటుంది నిజమే, కొత్త హంగులు పెద్దగా రావు. కానీ నువ్వు పెట్టమంటే తప్ప యాడ్స్ ఉండవు. రేపు నీకే పెట్టుకోవాలనిపిస్తే యాడ్స్ వేసి మనకి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగుకీ ఉంది. టెంప్లేట్ లోపలికెళ్ళి కోడ్ మార్చుకోనిస్తుంది కాబట్టి మండలి లాంటి తెలుగు ఫాంటు పెట్టుకోవచ్చు, ఆ ఫాంట్లూ ఫ్రీయే. అన్నిటికంటే ముఖ్యం, సొంత డొమైన్, అంటే నీ పేరుతో వెబ్ అడ్రస్, కొనుక్కుంటే దాన్ని బ్లాగుకి తగిలించడానికి పైసా అడగదు, డొమైన్‌కి ఏడాదికోసారి కట్టేదే మన ఖర్చు. బ్లాగర్ ముందు ఇచ్చిన పాత బ్లాగ్‌స్పాట్ అడ్రస్‌కి వచ్చినవాళ్ళని కూడా తనే కొత్తదానికి పంపిస్తుంది. రేపు నువ్వు బ్లాగర్ వదిలేసి ఇంకోచోటికి మారినా అడ్రస్ నీదే, చదివేవాళ్ళు వెతుక్కోనక్కర్లేదు. ఇప్పుడే వద్దులే, నాలుగు నెలలు రాస్తూ ఉంటే అప్పుడు కొనుక్కో.

బ్లాగర్‌లో తెలుగువాళ్ళకి ఒక చిక్కు ఉంది, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. టైటిల్ అంతా తెలుగులో పెడితే లింకు తయారుచేయడం దానికి చేతకాదు, ఊరికే బ్లాగ్-పోస్ట్ అని పెట్టేస్తుంది, తర్వాతి టపాకి అదే పక్కన ఒక అంకె. యాభై కథలు రాశాక చూసుకుంటే యాభై లింకులూ ఒకేలా ఉంటాయి, ఏది ఏ కథో నీకే తెలీదు. అందుకని పబ్లిష్ నొక్కకముందే కుడిపక్క పర్మలింక్ అని ఉంటుంది, అక్కడ కస్టమ్ అని ఎంచుకుని ఇంగ్లీషు అక్షరాల్లో కథ పేరు కొట్టు. పబ్లిష్ అయ్యాక మార్చడం తలనొప్పి.

వర్డ్‌ప్రెస్‌లో ఇదే ఇంకోలా ఏడిపిస్తుంది. అది తెలుగు టైటిల్ తీసుకుంటుంది, కానీ ఆ లింకు కాపీ చేసి వాట్సాప్‌లో వేశావంటే ఒక్కో అక్షరానికీ, గుడికీ దీర్ఘానికీ కూడా తొమ్మిదేసి క్యారెక్టర్లు, అన్నీ పర్సెంటు గుర్తులూ అంకెలే. గిలక బావి అన్న చిన్న టైటిలే 73 క్యారెక్టర్లవుతుంది, నేను లెక్కపెట్టాను. పొడుగు టైటిల్ అయితే మధ్యలోనే తెగిపోతుంది. అక్కడా లింకు చివరి ముక్కకి స్లగ్ అని ఉంటుంది, ఇంగ్లీషులోకి మార్చుకోవాలి. ఒక మంచి ఏంటంటే దాన్ని తర్వాతైనా మార్చుకోవచ్చు.

వర్డ్‌ప్రెస్ అంటే రెండు రకాలు, అది గందరగోళం పడకు. ఒకటి సాఫ్ట్‌వేర్, అది ఫ్రీ, కానీ దాన్ని మనం హోస్టింగ్, అంటే సైటు ఉంచే చోటు, కొనుక్కుని పెట్టుకోవాలి, అది నీకిప్పుడు వద్దు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో అయితే ఖాతా తెరవగానే బ్లాగు వచ్చేస్తుంది, రాసుకునే పేజీ బ్లాగర్ కంటే చాలా బాగుంటుంది, థీమ్‌లూ అందంగా ఉంటాయి. కానీ ఫ్రీ ప్లాన్‌లో ఇచ్చేది 1 జీబీ, నీ బ్లాగు మీద వాళ్ళ యాడ్స్ వేస్తారు ఆ డబ్బులు నీకు రావు, సొంత డొమైన్ తగిలించాలంటే ప్లాన్ కొనాల్సిందే. కథలకి 1 జీబీ ఎక్కువే అనుకో. నాకు నచ్చనిది ఆ యాడ్స్, కథ మంచి పట్టులో ఉండగా మధ్యలో ఏదో బొమ్మ వస్తే చదివేవాళ్ళ మనసు విరిగిపోతుంది.

మీడియమ్ పెట్టింది బ్లాగర్ చేసినవాళ్ళలో ఒకాయనే, 2012లో. నీటుగా ఉంటుంది కానీ అక్కడ చదివే జనం ఇంగ్లీషు వాళ్ళే ఎక్కువ, మన కథని చూసేదెవరు. సబ్‌స్టాక్‌లో రాసింది నేరుగా చదివేవాళ్ళ మెయిల్‌కి వెళ్తుంది, ఫ్రీగా పంపినంతకాలం నీ దగ్గర ఏమీ తీసుకోరు, చందా పెడితే పది శాతం పట్టుకుంటారు. పాఠకుల మెయిల్ ఐడీల లిస్టు మనం దింపుకోవచ్చు, అది నిజంగా గొప్ప విషయం. నీకు వంద మంది పాఠకులయ్యాక ఆలోచిద్దాం.

కథలు రాసి చదువుకునే ప్రతిలిపి యాప్ సంగతి అడగలేదు గానీ నీ స్నేహితులు చెప్పే ఉంటారు. తెలుగు చదివే జనం అక్కడ ఉన్నారు, సీరియల్ రాస్తే రేపటి భాగం ఎప్పుడండీ అని అడిగేవాళ్ళు దొరుకుతారు, కొత్తగా రాసేవాళ్ళకి ఆ ఉత్సాహం చిన్నదేం కాదు. రాయి, తప్పులేదు. కాకపోతే అక్కడ పెట్టినదాని కాపీ నీ దగ్గర ఉంచుకో. ఫేస్‌బుక్‌లో కథలు పెట్టడం మాత్రం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు, రెండ్రోజులు లైకులు, మూడోరోజు నువ్వే వెతుక్కున్నా దొరకదు.

ఇంకో మాట, ఇది చాలామంది పిల్లలు తెలీక దెబ్బతింటున్నారు. పత్రికకి కథ పంపేటప్పుడు హామీపత్రం రాయాలి, ఈ కథ నా సొంతం, అనువాదం కాదు అనుసరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు అని. చాలా పత్రికలు బ్లాగులో పెట్టినా ఫేస్‌బుక్‌లో పెట్టినా ప్రచురించినట్టే లెక్క వేస్తాయి. కాబట్టి పత్రికకి పంపాలనుకున్న కథని బ్లాగులో పెట్టకు, ముందు పంపు, పడ్డాక ఆ పత్రిక పేరూ తేదీ రాసి అప్పుడు పెట్టుకో. నీ ముచ్చట్లకీ, సినిమా కబుర్లకీ ఆ గొడవ లేదు.

బ్యాకప్ మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున తీసుకో. బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, టపాలూ కామెంట్లూ కలిపి దిగుతాయి. ఫోటోలు మాత్రం విడిగా కూడా దాచుకో. ఆ ఫైలు ఒకటి కంప్యూటర్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో. ఖాతా తెరిచేది కూడా నువ్వు రోజూ చూసే మెయిల్‌తోనే, కాలేజీ మెయిల్‌తో వద్దు, చదువైపోగానే అది తీసేస్తారు. వర్డ్‌లోంచి కథ తెచ్చి అతికించేటప్పుడు కంట్రోల్ షిఫ్ట్ వి నొక్కు, లేకపోతే వర్డ్ వాడి ఫాంటు సైజులన్నీ వెంట వచ్చేసి ఫోన్లో ఒక పేరా పెద్దగా ఒక పేరా చిన్నగా కనిపిస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం నాకు ఖాళీయే. మొన్న వినిపించావే, ఆ రైల్వే గేటు ముచ్చట, దాంతోనే బ్లాగు మొదలెట్టు, డ్రాఫ్ట్‌లో పెట్టి నాకు ఫోన్ చెయ్, పర్మలింక్ ఇద్దరం చూసుకుని అప్పుడు పబ్లిష్ నొక్కుదువుగాని.

ప్రేమతో
అత్త